వియత్నాం వెళ్లడానికి ఈఎంఐ ఎందుకండీ?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు, భర్త అకౌంటెంటు, ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 78 వేలు. ఇంటి లోను ఈఎంఐ 22 వేలు, సిప్ 8 వేలు. సేవింగ్స్ ఖాతాలో 60 వేలు, విడిగా 2 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. దసరా సెలవుల్లో వియత్నాం వెళ్లి అక్కడి వంటలు తినాలని, పాత ఊళ్లు చూడాలని కోరిక. ట్రావెల్ ఏజెంటు ఏడు రాత్రుల ప్యాకేజీ ఇద్దరికీ 1.9 లక్షలు అన్నాడట, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే వాయిదాలు) కూడా ఉందట. ఈఎంఐ పెట్టాలా, ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, సిప్ ఆపాలా అని అడుగుతున్నారు.

మూడూ వద్దండీ. ముందు మీరు పంపిన ఆ ప్యాకేజీ కాగితమే ఇంకోసారి చదవండి. ఏడు రాత్రుల్లో హనోయి, హాలాంగ్ బే, డానాంగ్, సైగాన్, ఫూ క్వాక్ దీవి, మధ్యలో మూడు విమానాలు, అంటే సగం సెలవు ఎయిర్‌పోర్టుల్లోనే పోతుంది. పైగా రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్ అట! అక్కడి తిండి కోసం వెళ్తూ పనీర్ బటర్ మసాలాకి ముందే డబ్బు కట్టడం నాకైతే అర్థం కాలేదు.

తిండి ఖర్చు తగ్గించకండి, ఊళ్లు తగ్గించండి. సైగాన్, ఫూ క్వాక్ తీసేయండి. హనోయిలో నాలుగు రాత్రులు (హాలాంగ్ ఒక రోజులో చూసి రావచ్చు), అక్కడి నుంచి రాత్రి రైల్లో పాత రాజధాని హుయేకి, ఆ రాత్రి హోటల్ అద్దె కలిసొస్తుంది. హుయే నుంచి డానాంగ్‌కి పగటి రైలే ఎక్కండి, హాయ్ వాన్ కనుమ దగ్గర పట్టాలు సముద్రం అంచునే వెళ్తాయి. చివరగా డానాంగ్ దగ్గరి పాత ఊరు హోయి ఆన్. అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో 'మీ సన్' అనే చోట ఒకప్పటి చంపా రాజ్యపు రాజులు ఇటుకలతో కట్టించిన శివాలయాలున్నాయి, వాటిలో కొన్నింటిని మన పురావస్తు శాఖ వాళ్లే బాగుచేశారు. డానాంగ్ దగ్గరి కొండ మీది గోల్డెన్ బ్రిడ్జి మాత్రం 2018లో కట్టింది, టికెట్టు తలకు 3,000 రూపాయలు దాటుతుంది, నన్నడిగితే ఆ డబ్బుతో హోయి ఆన్‌లో రెండు రోజులు తినొచ్చు. మీరు బీఫ్ తినరని రాశారు కాబట్టి ఫో (అక్కడి నూడుల్స్ సూప్) షాపులో 'ఫో గా' అడగండి, అది కోడిమాంసంతో చేసేది.

దసరాకి మాత్రం వద్దు. అక్టోబరు, నవంబరుల్లో మధ్య వియత్నాంలో వానలు ఎక్కువ, హోయి ఆన్‌లో నది పొంగితే పాత వీధుల్లోకి నీళ్లొస్తాయి. మీకు ఎలాగూ వేసవి సెలవులున్నాయి. ఏప్రిల్ 30, మే 1 వాళ్లకు పండగ సెలవులు, రద్దీ, రేట్లు రెండూ పెరుగుతాయి, అవి దాటాక వెళ్లండి. ఎండ ఉంటుంది, అయినా బెజవాడ వాళ్లకు ఎండ గురించి నేను చెప్పాలా!

ఇద్దరికీ నా లెక్క ఇదీ: విమానాలు 60 వేలు, హోటళ్లు 20 వేలు, తిండి రోజుకు 2 వేల చొప్పున పది రోజులకు 20 వేలు, రైళ్లు, క్యాబులు 12 వేలు, హాలాంగ్, మీ సన్, మిగతా టికెట్లు 16 వేలు, వీసా, ఇన్సూరెన్స్, సిమ్ కలిపి 8 వేలు, చేతిలో ఉంచుకోవడానికి 14 వేలు. మొత్తం లక్షన్నర. ఖాతాలో ఉన్న 60 వేలు విమానం టికెట్లకి. మిగతా 90 వేలకి ఈ జులైలోనే నెలకు 10 వేల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి, జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా, ఎందుకంటే నెలాఖరుకి మిగిలితే దాచుకుందాం అనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు. తొమ్మిది నెలల్లో, ఏప్రిల్‌కల్లా డబ్బు చేతికొస్తుంది. పది వేలు కష్టమంటారా? ఏజెంటు చెప్పిన ఈఎంఐ నెలకు దాదాపు 16 వేలండీ, అది కట్టగలిగితే ఇదీ కట్టగలరు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, లోపల దాగిన వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, మొత్తం ఒకేసారి కడితే ఎంతిస్తావని అడగండి, అసలు రేటు బయటపడుతుంది. ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కున్నట్టే. ఎఫ్‌డీ జోలికి అసలు పోకండి, అది మీ ఇంటి ఖర్చుకి మహా అయితే మూడు నెలలు వస్తుంది.

ఈ-వీసా ప్రభుత్వ సైట్‌లోనే తీసుకోండి, సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. కార్డు గీసినప్పుడు మిషన్ రూపాయల్లోనా, డాంగ్‌లోనా (వియత్నాం కరెన్సీ) అని అడిగితే డాంగే నొక్కండి, రూపాయలు నొక్కితే ఆ మిషన్ వాళ్లు వేసే ఎక్కువ రేటు పడుతుంది. నగదు దగ్గర ఇంకో జాగ్రత్త: 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల డాంగ్ నోటు రెండూ నీలంగానే ఉంటాయి. మొదటిది మన 70 రూపాయలు, రెండోది 1,700 దాకా. చీకట్లో క్యాబ్ దిగే తొందరలో ఒకటి అనుకుని ఇంకోటి ఇచ్చేస్తారు, అందుకే 5 లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. మిగిలిన డాంగ్ అక్కడి ఎయిర్‌పోర్టులోనే మార్చేయండి, విజయవాడలో తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.