డప్పు మిక్స్‌లో ప్యారలల్ బస్, శాచురేషన్: చిన్నాకి నాలుగు మాటలు

చిన్నా,

నువ్వు పంపిన జానపదం మిక్స్ విన్నాను. డప్పు ట్రాక్ మీదే కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచే ప్లగిన్) పెట్టి పిండేశావు. చిర్ర (లావు కర్ర) దెబ్బలో పస పోయింది, సిటికెన పుల్ల (సన్న పుల్ల) చప్పుడేమో ఇంకా పైకి రాలేదు. ఇక్కడ కావాల్సింది ప్యారలల్ బస్, అంటే అసలు ట్రాక్‌ను అలాగే ఉంచి, దాని నకలును విడిగా పిండి పక్కన కలిపే దారి. పెద్ద దెబ్బ జోలికి పోకుండా, దెబ్బల మధ్య దాక్కున్న చిన్న శబ్దాలను లేపడమే దాని పని.

డప్పు నుంచి ఒక ఆక్స్ బస్‌కు (ఆ పక్క దారికి) పోస్ట్ ఫేడర్ సెండ్ ఇవ్వు, అంటే ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) దాటాక నకలు పంపు. తర్వాత డప్పు ఫేడర్ కదిపినా బస్ దాని వెంటే నడుస్తుంది. కంప్రెసర్ రేషియో (ఎంత గట్టిగా అణచాలో) 10:1, అటాక్ (అణచడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను లోపు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 60 నుంచి 100 మిల్లీసెకన్లు. దెబ్బ పడ్డప్పుడల్లా గెయిన్ రిడక్షన్ (అణిచిన మోతాదు) 12–15 డీబీ చూపించాలి. బస్ సోలోలో వింటే దరిద్రంగా ఉంటుంది, ఉండనీ. రిలీజ్ మరీ పొడుగైతే మాత్రం తర్వాతి దెబ్బలోపు కంప్రెసర్ వదలదు, చిన్న శబ్దాలు కూడా అణిగే ఉంటాయి. బస్ ఫేడర్ పూర్తిగా దించి, పాటంతా మోగుతుండగా మెల్లగా ఎత్తు. పుల్ల చప్పుడు విడిగా తెలియగానే ఆగి, ఒక డీబీ తగ్గించు.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. బస్ అసలు ట్రాక్ కంటే 12 డీబీ కిందున్నా, రెండూ ఒకే వేవ్ అయితే మొత్తం మీద దాదాపు 2 డీబీ పెరుగుతుంది. కాస్త గట్టిగా మోగినదేదైనా చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే రెంటినీ ఒక గ్రూపులోకి పంపి, బస్ ఉన్నా లేకపోయినా శబ్దం ఒకే మట్టంలో ఉండేలా సరిచేసి అప్పుడు పోల్చు. తేడా కనబడకపోతే బస్ తీసెయ్, మొహమాటం వద్దు.

ఆలస్యం సంగతి ఇంకా ముఖ్యం. బస్ 1 మిల్లీసెకను వెనకబడితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర రెండు వేవ్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, డప్పు రేకు డబ్బాలా మోగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో డిలే కాంపెన్సేషన్ (ప్లగిన్ల ఆలస్యాన్ని సరిచేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూసుకో. పరీక్ష తేలికే. ప్లగిన్‌ను బైపాస్ చెయ్యకు, థ్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే మట్టం) పైకెత్తి ఊరికే ఉంచు. బస్, ట్రాక్ లెవెల్స్ సమానం చేసి బస్ పొలారిటీ తిప్పు, అంటే వేవ్‌ను తలకిందులు చెయ్యి. ఏమీ వినపడకూడదు. ఏదన్నా సన్నగా వినిపించిందంటే ఆలస్యం ఉన్నట్టు, లేదా ఆ ప్లగిన్ ఊరికే ఉన్నా రంగు పూస్తున్నట్టు. బస్ మీద 24 డీబీ నిటారు హైపాస్ (కింది శబ్దాలను కోసే ఫిల్టర్) పెట్టినా ఫేజ్ (రెండు వేవ్‌ల పొంతన) తిరిగి కింది బరువు పోతుంది. తప్పదనుకుంటే 6 డీబీ వాలుతో సరిపెట్టుకో.

శాచురేషన్‌కు, అంటే శబ్దాన్ని కాస్త వక్రం చేసి కొత్త పై స్వరాలు పుట్టించడానికి, వేరే బస్ పెట్టు. బేస్‌లోని 60 హెర్ట్జ్‌ను ఫోన్ స్పీకర్ మోగించలేదు. శాచురేషన్ వల్ల 120, 180, 240 పుడతాయి, వాటిలో స్పీకర్ పలికించగలిగినవి విని లేని 60ని చెవి తనే ఊహించుకుంటుంది. అనలాగ్ నమూనా ప్లగిన్లలో చాలావరకు −18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠ మట్టానికి 18 డీబీ కింద) దగ్గర సరిగ్గా పలుకుతాయి, లోపలికి సగటున అంతే పంపు.

గొంతు విషయంలో జాగ్రత్త. ‘స’, ‘ష’ శాచురేషన్‌లో పడితే చెవిలో గుచ్చుకుంటాయి. డీ-ఎస్సర్ (‘స’, ‘ష’లను తగ్గించే ప్లగిన్) ముందు, శాచురేషన్ తర్వాత, చివర 6 కిలోహెర్ట్జ్ దగ్గర లోపాస్ (పై శబ్దాలను కోసే ఫిల్టర్). ఓవర్‌శాంప్లింగ్ (ప్లగిన్ లోపల శాంపిల్ రేటును పెంచి పని చేయించడం) 4x ఆన్ చెయ్యి. లేకపోతే 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు సెషన్‌లో 8 కిలోహెర్ట్జ్ ధ్వనికి పుట్టే ఐదో హార్మోనిక్ (ఐదు రెట్ల స్వరం), అంటే 40, వెనక్కి మడతపడి 4.1 దగ్గర తేలుతుంది. గొంతు స్పష్టత ఉండేదీ అక్కడే, పైగా ఆ శబ్దానికి శ్రుతితో సంబంధమే ఉండదు. కంప్యూటర్ మొరాయిస్తే పని చేసేటప్పుడు ఆపుకో, ఎక్స్‌పోర్ట్‌కు మాత్రం పెట్టుకో. పెట్టాక పైన చెప్పిన పొలారిటీ పరీక్ష ఈ బస్ మీద కూడా, డ్రైవ్ (శాచురేషన్ మోతాదు) పూర్తిగా దించి, లోపాస్ పక్కన పెట్టి, మళ్లీ చెయ్యి. ఓవర్‌శాంప్లింగ్‌తో ఆలస్యం మారుతుంది.

ఇట్లు,
బాబాయి