మందుల షాపు మనిషి మేయర్‌గా పనికొస్తాడా? నన్నడిగితే అతనే పనికొస్తాడు

చిన్న నగరంలో ఫార్మసిస్టుగా ఉన్న మనిషి మేయర్ అయితే నెగ్గుకురాగలడా అని అడిగారు. నేను మేయర్‌ని కాదు, అయ్యే ఉద్దేశమూ లేదు. కౌంటరు వెనక పంతొమ్మిదేళ్లు నిలబడ్డాను, అంతే. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను: లాయర్లకన్నా, కాంట్రాక్టర్లకన్నా మేమే నయం.

ఎందుకో తెలియాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి. షట్టరు సగం దించాను. బాగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చారు. వీధి మలుపు నుంచే గొంతు వినిపించే రకం. ఆ రాత్రి మాత్రం నోరు మెదపలేదు. ఇంకొకరెవరో దగ్గు మందు కొనుక్కుని వెళ్లేదాకా టూత్‌బ్రష్‌ల స్టాండు ముందు నిలబడి, అలాంటి వస్తువును పుట్టాక చూడనట్టు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తర్వాత నాలుగు మడతల చీటీ ఒకటి తీసి కౌంటరు మీద పెట్టి, అరచెయ్యి దాని మీదే ఉంచారు. నిద్ర మాత్రలు. "ఇంట్లో తెలియకూడదు" అన్నారు.

పది రోజులకు ఆయన భార్య వచ్చారు. ఆవిడా జనం పలచబడేదాకా ఆగారు. ఆవిడ సంచిలోంచి తీసిన చీటీకీ నాలుగు మడతలే. వేరే డాక్టరు, అదే మందు, అదే మోతాదు. "ఆయనకు తెలిస్తే కంగారు పడతారు, చెప్పకండి." ఆవిడ చిల్లర లెక్కపెట్టుకున్నంతసేపూ ఆ మాట నా నాలుక చివరే ఉంది. మింగేశాను. (మరి ఇప్పుడెందుకు చెబుతున్నావని అడగకండి. ఊరు చెప్పలేదు, పేర్లు చెప్పలేదు, మందు పేరు కూడా చెప్పలేదు.)

నా లెక్కలో నగర పాలన అంటే సగం ఇదే. ఎవరింట్లో నిద్ర లేదో, ఎవరు సగం మాత్రలే కొని మిగతావి జీతం వచ్చాక తీసుకుంటామంటున్నారో మాకు తెలుస్తుంది. ఒకే వీధి నుంచి ఒకే వారంలో ఎనిమిది మంది విరేచనాల మందుకు వచ్చారంటే, అక్కడి మంచినీటి గొట్టాన్ని అనుమానించాలని కూడా మాకే ముందు తడుతుంది. అయినా మేము "మందులమ్మేవాళ్లం". "ఆ చిన్న తెల్ల మాత్ర ఇవ్వండి" అంటారు. షాపులో సగం మాత్రలు చిన్నవే, తెల్లవే! ఇక డాక్టర్ల చేతిరాత. కోడి కెలికినట్టున్న ఆ గీతలను రోజూ చదివేవాడికి బడ్జెట్ కాగితాలు ఒక లెక్కా?

ఉదాహరణ కావాలంటే హ్యూబర్ట్ హంఫ్రీ సీనియర్‌ను చూడండి. అమెరికా ఉపాధ్యక్షుడైన హంఫ్రీకి తండ్రి. దక్షిణ డకోటాలోని డోలండ్‌లో మందుల షాపు. జనాభా సుమారు 600. రిపబ్లికన్ల ఊళ్లో ఈయన పక్కా డెమోక్రాట్, అయినా మేయర్ అయ్యాడు. పార్టీ నచ్చకపోయినా దగ్గొస్తే ఆయన దగ్గరికే వెళ్లాలి కదా! 1920ల చివర్లో ఊళ్లోని రెండు బ్యాంకులూ మూతపడి వ్యాపారం కుదేలైతే, అదే రాష్ట్రంలోని హ్యూరన్ పట్టణానికి మారి మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడ మనుషులకే కాదు, పందులకూ మందులు తయారుచేసి అమ్మారు. షాపు మీద చెక్క పంది బొమ్మ వేలాడదీశారు. చదువు మధ్యలో ఆపి వచ్చిన కొడుకు, డెన్వర్‌లో రెండేళ్ల కోర్సును ఆరు నెలల్లో ముగించి లైసెన్సు తెచ్చుకుని, 1937 దాకా తండ్రి షాపులోనే పనిచేశాడు. 1945లో మినియాపొలిస్ మేయర్ అయ్యాడు. ఏ మందుకు డాక్టరు చీటీ తప్పనిసరో తేల్చిన 1951 నాటి అమెరికా చట్టాన్ని దాన్ని చట్టసభలో ప్రతిపాదించిన ఈ కొడుకు హంఫ్రీ పేరుతోనూ, కార్ల్ డర్హమ్ పేరుతోనూ పిలుస్తారు. డర్హమ్ కూడా ఫార్మసిస్టే. ఇంతకన్నా ఋజువు ఏం కావాలి? లాయర్లకు వదిలేసి ఉంటే ఈ రోజుకీ తేలేది కాదు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఒప్పుకుంటాను. మేయర్ అన్నవాడు మాట్లాడాలి. మాకు అలవాటైంది మాట్లాడకపోవడం. ఆ దంపతులు ఇప్పటికీ వస్తారు, ఆయన మంగళవారం, ఆవిడ శుక్రవారం. మొన్న ఆయన పొరపాటున శుక్రవారం వచ్చారు. కౌంటరు దగ్గర ఆవిడను చూసి, ఒక టూత్‌బ్రష్ కొనుక్కుని వెళ్లిపోయారు.