దానిమ్మ కంటే ముందు ఇంట్లోకి డబ్బు వచ్చే దారి చూసుకోండి

రెండున్నర ఎకరాల ఎర్రనేలలో ఏటా వేరుశనగే వేసి నష్టపోతున్నామని, బంధువులు మొత్తం దానిమ్మ పెట్టమంటున్నారని రాశారు. మాదీ అనంతపురం జిల్లానే, మూడెకరాలు. ఇప్పుడే వద్దంటాను. దానిమ్మ మొదటి కాపుకు దాదాపు రెండేళ్లు ఆగాలి. అన్నాళ్లు ఇల్లు దేనితో గడుస్తుంది? వానాకాలంలో మచ్చ తెగులు సోకితే తోటంతా పాకుతుంది కూడా.

మేము టమోటాతో ఇలాగే దెబ్బతిన్నాం. ధర బాగుందని బోరు కింది ఎకరమంతా ఒకేసారి నాటాం. కట్టెలకు, తీగకు పొదుపు సంఘంలో నేనే అప్పు తెచ్చాను. మా కాయ మార్కెట్టుకు చేరేసరికి 15 కిలోల పెట్టె 40 రూపాయలు పలికింది. కోత కూలి కూడా రాలేదు. చివరి రెండు కోతలు వదిలేసి చేలోకి మేకలను తోలాం.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ నెలలో చేతిలో డబ్బు ఉండదో రాసుకున్నాను. మాకు జూన్, జూలై కష్టం. విత్తనాలు, బడి ఫీజులు కలిసి వస్తాయి. వడ్డీకి తెచ్చేది అప్పుడే. ఆ ఖాళీలు చూసుకునే పంటలు మార్చాం.

వర్షాధారపు రెండెకరాల్లో వేరుశనగ మానలేదు. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేస్తాం. కంది వేరు లోతుకు దిగుతుంది, వేరుశనగ పీకాక పడే వానలన్నీ దానికే. ఒక ఏడాది పూత తర్వాత ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళ వాన ముఖం చాటేసి వేరుశనగ పశువుల మేతకే మిగిలింది. సంక్రాంతి నాటికి కంది మమ్మల్ని ఆదుకుంది. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేస్తే, వైరస్‌ను మోసుకొచ్చే తామర పురుగులకు అడ్డం. 2000లో ఆ వైరస్‌తో వచ్చిన కాండం కుళ్లు తెగులు మన జిల్లాను ఎంత నష్టపరిచిందో మీ ఇంటి పెద్దలను అడగండి. అక్కడక్కడ ఆముదం మొక్కలు కూడా ఉండాలి. లద్దెపురుగు తల్లి వాటి మీద ఇష్టంగా గుడ్లు పెడుతుంది. పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు నూగు కప్పిన చిన్న ముద్ద కనిపిస్తుంది. ఆ ఆకు తుంచి పూడ్చేస్తే వందల పురుగులు పుట్టకముందే పోతాయి. మా అత్తమ్మ ఈ పని పట్టుకున్నాక మాకు ఒక విడత మందు ఖర్చు తగ్గింది.

బోరు కింది ఎకరాన్ని మడులు చేసి గోరుచిక్కుడు, బీర, ఆకుకూరలు పదిహేను రోజుల ఎడంతో విత్తుతాం. వారానికి రెండుసార్లు సంతకు వెళతాను. వచ్చేది కొంచెమే, కానీ ఆగదు. పావు ఎకరం బంతి. ఆషాఢంలో నారు పోస్తే దసరాకు పూలు అందుతాయి. కంది డబ్బుతో నాలుగు పొట్టేలు పిల్లలను కొని, వేరుశనగ కట్టె, కంది పొట్టు మేపి జూన్‌లో అమ్ముతాం. బడి ఫీజులు వాటితోనే కడుతున్నాం.

ఒక్క మాట. కూరగాయలు వేస్తే ఇంట్లో ఆడవాళ్లకు పని రెట్టింపవుతుంది. తెల్లవారుజామున కోతకు వంగేది వాళ్లే. వాళ్లను అడగకుండా విత్తనం తేవద్దు.

దానిమ్మ మీదే మనసుంటే మూడో ఏడు అర ఎకరంతో మొదలుపెట్టండి. మీ బోరు ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని గంటలు పోస్తుందో రాయండి. దాన్నిబట్టి కూరగాయలకు ఎన్ని సెంట్లు సరిపోతాయో చెబుతాను.