ఒకే నెట్‌వర్క్ స్విచ్‌పై ఉన్న సర్వర్, ఆపరేటర్ స్టేషన్ మధ్య సంబంధం తెగిపోతోంది. ఎందుకు?

ఆపరేటర్ స్టేషన్ (ప్లాంటు విలువలను తెరపై చూపే కంప్యూటర్) చిరునామా 192.168.10.20, సర్వర్‌ది 192.168.10.200, మొదటి మూడు సంఖ్యలూ ఒకటే, కేబుల్ కూడా మార్చి చూశాను, అయినా తెరపై విలువలు రావడం లేదని రాశారు. ఇక కేబుళ్ల జోలికి వెళ్లకండి. రెండింటి సబ్‌నెట్ మాస్కులను (ఏ చిరునామాలు తన నెట్‌వర్క్‌లోవో యంత్రానికి చెప్పే సంఖ్యలను) కాగితంపై రాసుకుని పోల్చండి.

నాకూ ఇదే ఎదురైంది. స్టేషన్‌లో 255.255.255.0, సర్వర్‌లో 255.255.255.128 ఉన్నాయి. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒక రాత్రి మరమ్మతు కోసం రూటర్‌ను (నెట్‌వర్క్‌ల మధ్య డేటాను చేరవేసే పరికరాన్ని) ఆపగానే తెరపై విలువలన్నీ నిలిచిపోయాయి. ఒకే స్విచ్‌పై ఉన్న రెండు యంత్రాలకు రూటర్‌తో ఏం పని? రెండు గంటలు స్విచ్ పోర్టులే మారుస్తూ కూర్చున్నాను.

పక్క యంత్రం తన నెట్‌వర్క్‌లోదా, బయటిదా అన్నది ప్రతి యంత్రమూ తన మాస్క్‌ను బట్టే తేల్చుకుంటుంది. 128తో ముగిసే మాస్క్ చిరునామాలోని చివరి సంఖ్యల శ్రేణిని 0–127, 128–255 అని రెండు ముక్కలు చేస్తుంది. స్టేషన్ లెక్కలో సర్వర్ పక్కనే ఉంది, నేరుగా పంపుతుంది. సర్వర్ లెక్కలో 20తో ముగిసే స్టేషన్ బయటిది, అందుకే జవాబును గేట్‌వేకు, అంటే బయటికి దారి చూపే రూటర్‌కు ఇస్తుంది. మా రూటర్ దాన్ని వచ్చిన పోర్టులోంచే వెనక్కి పంపుతూ తప్పును కప్పిపుచ్చింది. అక్కడ ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే రక్షణ పరికరం) ఉంటే మొదటి రోజే తెలిసేది. వెళ్లిన అభ్యర్థనను చూడని ఫైర్‌వాల్ దాని జవాబును సాధారణంగా అడ్డుకుంటుంది. ఈ మధ్య మీ గేట్‌వేను ఎవరైనా మార్చారేమో అడగండి.

రూటర్ తిరిగి పనిచేశాక సర్వర్ నుంచి స్టేషన్‌కు ‘ట్రేసర్ట్’ (డేటా వెళ్లే దారిని వరుసగా చూపే ఆదేశం) నడిపాను. మొదటి వరుసలో 192.168.10.254, అంటే రూటర్, రెండో వరుసలో స్టేషన్. ఒక్క వరుసలో ముగియాల్సిన దారి అది. అదే పరీక్ష స్టేషన్ నుంచి చేస్తే ఒక్క వరుసే వచ్చింది. అందుకే దయచేసి రెండు వైపుల నుంచీ చూడండి; ఒక వైపు నుంచే చూస్తే ఈ తప్పు దొరక్కపోవచ్చు.

ఏ మాస్క్ సరైనదో నెట్‌వర్క్ డ్రాయింగ్ చూసి నిర్ణయించండి, ఊహించి మార్చవద్దు. పీఎల్‌సీలనూ (యంత్రాలను నడిపే కంట్రోలర్లనూ), స్టాండ్‌బై సర్వర్‌నూ సరిచూడండి. కొన్ని పీఎల్‌సీలలో ఈ మార్పుకు రీస్టార్ట్ అవసరం కాబట్టి షిఫ్ట్ ఇన్‌ఛార్జి అనుమతి లేకుండా ముట్టుకోకండి. సరిచేశాక, ప్లాంటు ఆగి ఉన్నప్పుడు గేట్‌వే కేబుల్ తీసి రెండు వైపుల నుంచీ పింగ్ చేయండి (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష). అప్పుడూ జవాబు వస్తేనే పని పూర్తయినట్టు.