సస్పెన్షన్ కిట్ కొనే ముందు గ్రీజు గన్ కొనండి

“1970ల నాటి ఎంజీబీ, ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నాను. మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతోంది, తిన్నటి రోడ్డు మీద కూడా అటూ ఇటూ లాగుతోంది. వెయ్యి డాలర్లలోపు సస్పెన్షన్ మెరుగుపరచాలంటే దేనితో మొదలుపెట్టాలి?” అని అడిగారు. గ్రీజు గన్‌తో మొదలుపెట్టండి. కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు, వాటి కిట్లు అన్నీ తరువాత. ఈ మాట ఊహించి చెప్పడం లేదు. నా దగ్గర ఉన్నదీ ఆ కారే.

నాది 1975 మోడల్, నల్ల రబ్బరు బంపర్లది. ఒహాయోలో కొలంబస్ శివార్లలో ఉంటాం. ఎంజీబీల్లో అందరూ చులకనగా చూసేది ఈ మోడల్‌నే. అమెరికా నిబంధనల ప్రకారం బంపర్లు, హెడ్‌లైట్లు ఎత్తులో ఉండాలన్నారు. కారు ముందు భాగాన్ని మళ్లీ తీర్చిదిద్దే బదులు, కంపెనీ సస్పెన్షన్‌నే అంగుళం దాకా పైకి లేపింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ ఏడాది ముందువైపు యాంటీ రోల్ బార్, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే ఇనుప కడ్డీ, కూడా తీసేసింది. బరువైన బంపర్లు, పెరిగిన ఎత్తు, లేని బార్, ఈ మూడూ ఒకే కారు మీద పడ్డాయి. 1977లో సస్పెన్షన్‌ను సవరించి వెనక కూడా బార్ పెట్టారు, కానీ అప్పటికే చెడ్డపేరు వచ్చేసింది. అందుకని మీ కారు ఒరగడంలో మీ తప్పేమీ లేదు. అయితే ఒరగడం వేరు, తిన్నటి రోడ్డు మీద లాగడం వేరు. ఆ రెండో రోగాన్ని కిట్లు నయం చేయలేవు. నా కారుకూ అది ఉండేది.

హాకింగ్ హిల్స్ వైపు వెళ్తే అన్నీ మలుపులే. అక్కడ ఒక మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది మధ్యకు రాలేదు, నేను వెనక్కి లాగాల్సి వచ్చింది. ఎదురుగా పాల ట్యాంకర్ వస్తోంది. ఆ క్షణం ఈ రోజుకీ నాకు గుర్తే. మరుసటి వారం, పాత బ్రిటిష్ కార్లకు పేరున్న ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. కారును పైకి ఎత్తి చూడనైనా చూడలేదు. లీవర్ షాకులు (చేయి లాంటి లీవరుతో పనిచేసే పాతరకం షాక్ అబ్జార్బర్లు) తీసేసి గొట్టపు షాకులు పెట్టాలి, స్ప్రింగులు మార్చాలి అని 2,800 డాలర్ల అంచనా రాసి ఇచ్చారు. పాత కారును ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తే వచ్చే కూలి తక్కువ, కొత్త కిట్ బిగిస్తే వచ్చే లాభం ఎక్కువ. చాలా షెడ్లలో సలహాలు పుట్టేది అక్కడే అని నా గట్టి నమ్మకం.

ఆ వేసవిలో నాన్న మా ఇంట్లోనే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లారీలకు కమాన్ కట్టలు (పట్టీ స్ప్రింగులు) కట్టిన మనిషి. అంచనా కాగితం చూపించి విషయం చెబితే, దాన్ని మడిచి నా చేతికే ఇచ్చి, “జాకీ ఉందా?” అని అడిగారు.

కుడివైపు ముందు చక్రం ఎత్తి కింద స్టాండు పెట్టాను. నాన్న నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపారు. టక్ టక్‌మని చప్పుడు. “లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకో” అన్నారు. తొక్కాను. మళ్లీ ఊపారు, చప్పుడు అలాగే ఉంది. “బేరింగు కాదు, కింగ్ పిన్ను. బేరింగే అయితే బ్రేకు తొక్కినప్పుడు ఈ వదులు ఆట ఆగిపోయేది. దీనికి గ్రీజు ఎప్పుడు కొట్టావు?” అన్నారు. నేను కారు కొని అప్పటికి రెండేళ్లు. ఒక్కసారి కూడా కొట్టలేదని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. గుడ్డ అడిగారు.

కింగ్ పిన్ను అంటే స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ నిలువు పిన్ను. ఎంజీబీ కింగ్ పిన్నులకు ఒక్కో పక్క మూడేసి చొప్పున ఆరు గ్రీజు నిపుళ్లు, అంటే గన్ తగిలించే చిన్న మొనలు, ఉంటాయి. మూడు వేల మైళ్లకోసారి గ్రీజు పట్టించమని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. మా కారులో ఆ నిపుళ్ల మీద తుప్పు పట్టకుండా పూసే నల్లరంగు మందంగా పేరుకుపోయి ఉంది. అంటే ఎన్ని యజమానుల చేతులు మారిందో గానీ, ఎవరూ వాటిని ముట్టుకోలేదు. నాన్న గోటితో రంగు గీరి, తీగముక్కతో కన్నం శుభ్రం చేసి గన్ తగిలించారు. ఐదింటిలోకి గ్రీజు దిగింది. ఎడమవైపు అన్నిటికన్నా కిందిది మొండికేసింది. దాన్ని విప్పి చూస్తే లోపలి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడిపోయింది. కిరసనాయిలు దొరకక, పెయింటు పలచన చేసే ద్రవంలో నానబెట్టి మళ్లీ బిగించాం. నాన్న గన్ నొక్కుతూ ఉంటే మొదట తుప్పుతో ఎర్రటి నీళ్లు, తరువాత నల్లటి జిడ్డు, చివరికి తేనెరంగు కొత్త గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చాయి. చక్రం గాలిలో ఉండగానే కొట్టాలని, బరువు మీద ఉంటే పిన్ను కిందికి గ్రీజు చేరదని ఆయన రెండుసార్లు చెప్పారు. లారీలకైనా అంతేనట.

ఆ సాయంత్రం మా వీధి చివరి మలుపులో స్టీరింగు వదిలితే దానంతట అదే మధ్యకు వచ్చింది. అయిన ఖర్చు గన్‌తో కలిపి 40 డాలర్లలోపే. అరిగిపోయిన పిన్నును గ్రీజు కొత్తది చేయదు, నిజమే. కొంత ఆట మిగిలింది, మరుసటి ఏడాది పిన్నులు మార్పించాను. కానీ లాగడమనే రోగం మాత్రం ఆ రోజే పోయింది.

ఇక డబ్బు పెట్టాల్సిన చోట్లు. మొదటిది టైర్లు. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 2309 అంటే 2009లో 23వ వారం. ఇలాంటి కార్లు ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగవు కాబట్టి టైరు గాడులు అరగవు, రబ్బరు మాత్రం రాయిలా అవుతుంది. రాయి మీద ఎంత గొప్ప సస్పెన్షన్ పెట్టినా రోడ్డును పట్టుకోదు.

రెండోది కింది ఆర్మ్‌ల బుష్‌లు, అంటే ముందు చక్రాలను పట్టి ఉంచే కింది చేతుల కీళ్లలోని రబ్బరు తొడుగులు. ఎంజీబీ జీటీ వీ8 అనే పెద్ద ఇంజను మోడల్‌కు వాడిన బుష్‌లు, అంటే ఇనుప గొట్టానికి రబ్బరు అతికించినవి, మామూలు ఎంజీబీకీ సరిపోతాయి. నాలుగు చాలు. పాతవి బయటికి తీస్తే రబ్బరు నూనె తాగి ఉబ్బి, పాతబెల్లంలా వేళ్లకు అంటుకుంది. కొత్తవి పెట్టి నట్లు బిగించబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. “చక్రాలు నేల మీద ఆననివ్వు, అప్పుడు బిగించు” అన్నారు. గాలిలో ఉండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే ఆ రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కమాన్ బుష్‌లు వేసే ఆయనకు అది వేళ్ల కొసన ఉన్న విద్య. చాలామంది ఈ ఒక్క పని తప్పుగా చేసి, బుష్‌లు నాసిరకమని తిడుతుంటారు.

మూడోది ఆ లీవర్ షాకులే. వాటిని పారేయమనే వాళ్ల మాట వినకండి. వెనకవైపు షాకును ఇరుసుకు కలిపే లింకు విప్పి, షాకు చేతిని పైకీ కిందికీ కదిపి చూడండి. కదిలినంత మేరా ఒకేలా బరువుగా కదిలితే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే లోపల నూనె తగ్గింది. మూత చుట్టూ మట్టి పూర్తిగా తుడిచి, హైడ్రాలిక్ జాకీ నూనె పోస్తే చాలాసార్లు సరిపోతుంది. నూనె కారుతుంటే, వాటికి బదులుగా బాగుచేసినవి దొరుకుతాయి. ముందువైపు ఆ షాకు చేతులే పై ఆర్మ్‌గా కూడా పనిచేస్తాయి కాబట్టి, ఆ చేతులు తిరిగే ఇరుసు దగ్గర ఆట ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

ఇవన్నీ అయ్యాకే, మీది కూడా బార్ లేని కారైతే, అదే తరం కారు నుంచి ముందువైపు యాంటీ రోల్ బార్‌ను బ్రాకెట్లు, లింకులతో సహా పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి. ఒరగడం దానితో తగ్గుతుంది. నా లెక్కలో ఈ కారుకు పెట్టాల్సిన అసలైన ‘అప్‌గ్రేడ్’ అదొక్కటే.

పాలీయూరిథేన్ బుష్‌ల (రబ్బరుకు బదులు గట్టి ప్లాస్టిక్‌తో చేసేవి) గురించి రేపు మీకు నలుగురు చెబుతారు. అన్ని చోట్లా అవే వేయించుకున్న ఒక స్నేహితుడి కారులో కూర్చున్నాను. చలికాలం చివర, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగాక, ప్రతి గుంతకూ తలుపు కీలులా కిర్రుమంది. కారును కిందికి దింపడానికి ఇరుసుకూ కమాన్‌కూ మధ్య పెట్టే దిమ్మెలు చవకే, కానీ ముందువైపు అలాగే వదిలేసి వెనక మాత్రమే దింపితే కారు తలెత్తుకుని నిలబడుతుంది. ముందువైపు స్ప్రింగు చుట్లు కోయించుకునే వాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది.

ఇంకొక్క మాట. బుష్‌లు మార్చాలంటే ముందు స్ప్రింగు విప్పాలి, అది నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగు కింది పళ్లేన్ని జాకీ మీద ఆనించి, రెండు బోల్టుల స్థానంలో పొడవైనవి పెట్టి, మెల్లగా దించాలి. ఇదివరకు ఆ పని చేసిన మనిషి పక్కన లేకుండా ఆ బోల్టు ముట్టుకోకండి. అలాంటి వారు దొరికేలోగా ఆ ఆరు నిపుళ్లకు గ్రీజు కొట్టి, కారు ఎలా నడుస్తుందో ఇక్కడే రాయండి. టైర్ల మీది నాలుగు అంకెలు కూడా చెప్పండి.