చానల్ మారడం లేదా, మార్చబడుట లేదా?

సందేహం: నేను గిటార్ వాయిస్తాను. ట్యూబ్ ఆంప్లిఫయర్లు బాగుచేయడం కూడా కొంత తెలుసు. ఆంప్లిఫయర్లో శుభ్రంగా పలికే క్లీన్, గరగరలాడే డ్రైవ్ వంటి వేర్వేరు స్వరాల దారులను చానళ్లంటారు. ఒకదాన్నుంచి మరోదానికి చానల్ మారే దగ్గర వచ్చే లోపాల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ‘ఫుట్‌స్విచ్ నొక్కినా చానల్ మారడం లేదు’ అన్నాను. ఒక మిత్రుడు దాన్ని ‘చానల్ మార్చబడుట లేదు’ అని దిద్దాడు. చానల్ తనంతట తాను మారదు, ఎవరో ఒకరు మార్చాలి కదా అని ఆయన వాదన. ఏది సరి? ‘చానల్’ రాయాలా, ‘ఛానల్’ రాయాలా? రిలే (చిన్న కరెంటుతో కదిలే స్విచ్) చేసే చప్పుడుకు తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీరు రాసిందే తెలుగు. మీ మిత్రుడి వాదన ఒప్పుకుంటే ‘అన్నం ఉడకలేదు’ అని కూడా అనకూడదు. అన్నమూ తనంతట తాను ఉడకదు, ఎవరో పొయ్యి వెలిగించాలి. అకర్మక క్రియ ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి ‘ఏమైంది’ అన్నదొక్కటే చెబుతుంది. యంత్రం చెడినప్పుడు మొదట తెలియాల్సింది అదే. ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యాలు ఆఫీసు కాగితాల్లో ఎలాగూ తప్పడం లేదు, వాటిని ఆంప్లిఫయర్ దాకా తేవద్దు.

అలాగని ‘మార్చు’కు ఇక్కడ చోటు లేదని కాదు. మారు–మార్చు, చేరు–చేర్చు, కాలు–కాల్చు జంటల్లో రెండోది కర్తను అడుగుతుంది. ‘ఫుట్‌స్విచ్ చానల్‌ని మార్చడం లేదు’ అంటే, ప్యానెల్ మీది బటన్ నొక్కితే మారుతోందని వినేవాడు అర్థం చేసుకుంటాడు. అప్పుడు ముందుగా చూడాల్సింది ఫుట్‌స్విచ్, దాని కేబుల్, జాక్. ఒట్టి ‘చానల్ మారడం లేదు’ అంటే ఎక్కడ నొక్కినా అంతేనని. (మెకానిక్కులు ‘రెసిస్టర్ కాలిపోయిందండీ’ అంటారు గాని ‘కాల్చేశాను’ అని ఎవరూ అనరు. అకర్మక క్రియ చేసే ఉపకారాల్లో ఇదొకటి.)

మీరు అడగలేదు గాని, మీ వ్యాసంలో ఇంతకన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది క్రియ చివర. మారలేదు, మారడం లేదు, మారదు: మూడూ వ్యతిరేకార్థకాలే, చెప్పే రోగాలు మాత్రం వేరు. ‘నొక్కితే మారలేదు’ అన్నది ఒకసారి జరిగిన సంగతి. మళ్లీ నొక్కితే మారిందేమో, స్విచ్ కాంటాక్టుల్లో దుమ్ము చేరిందేమో. ‘మారడం లేదు’ ఇప్పటి పరిస్థితి, ఇదివరకు మారేది. మాట్లాడేటప్పుడు ‘మారట్లేదు’ అంటాం, రాసినా తప్పేం లేదు. ‘మారదు’ స్వభావాన్ని చెబుతుంది. దాన్ని ఒంటరిగా రాస్తే ఆ ఆంప్‌కి ఆ సదుపాయమే లేదనుకుంటారు. పక్కన ఒక షరతు పెట్టారంటే మాత్రం చాలా పదునైన మాట: ‘వేడెక్కాక మారదు’.

ఇది ఎంత పనికొచ్చే వాక్యమో చూడండి. పేరుకు ట్యూబ్ ఆంపే అయినా, చానల్ మార్చే పని సాధారణంగా ట్యూబులది కాదు. రిలేలు గాని, వెలుగు పడితే నిరోధం తగ్గే ఎల్‌డీఆర్‌లు గాని ఆ పని చేస్తాయి. వాటికి ట్యూబుల ప్లేట్లకు ఇచ్చే వందల వోల్టులు అక్కర్లేదు, చిన్న డీసీ సరఫరా చాలు. 1990లలో వచ్చిన ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్‌లో ఈ సరఫరాని 470 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్లు రెండూ, వాటికి తోడు జీనర్ డయోడ్లూ కలిసి ప్లస్ 16, మైనస్ 16 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ఆ రెసిస్టర్లు బాగా కాగుతాయి. కాగి కాగి, బోర్డు మీద వాటి కాళ్ల దగ్గర టంకం వదులవుతుంది. చల్లగా ఉన్నంతసేపు అతుక్కున్నట్టే ఉండి, వేడెక్కగానే విడివడుతుంది. రివర్బ్‌ని (ప్రతిధ్వనిని) నడిపే చిప్పు కూడా అదే సరఫరా మీద ఆధారపడింది గనక రెండూ ఒకేసారి పోవచ్చు. అందుకే ‘వేడెక్కాక చానల్ మారదు, రివర్బ్ కూడా రాదు’ అని రాస్తే, తెలిసిన మెకానిక్ చెయ్యి నేరుగా ఆ రెసిస్టర్ల మీదికి పోతుంది. నిజంగా చెయ్యి పెట్టకూడదనుకోండి. ఆంప్ ఆపేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉండొచ్చు. ముందు ఆ వోల్టేజిని దింపి, మీటర్‌తో చూసుకోవాలి. మీ వ్యాసంలో ఈ ముక్క తప్పకుండా ఉండాలి.

‘మారుతోంది’, ‘మారిపోతోంది’ ఒకటి కావు. ‘పో’ చేరగానే మన ప్రమేయం లేకుండా, మనకు ఇష్టం లేకుండా అన్న అర్థం వచ్చేస్తుంది. ‘పాట మధ్యలో చానల్ మారిపోతోంది’ అంటే నొక్కకుండానే మారుతోందని వేరే చెప్పక్కర్లేదు. ఫుట్‌స్విచ్ కేబుల్ లోపల తెగిందేమో, స్పీకర్ అదురుకు పగిలిన టంకం కదులుతోందేమో చూస్తారు.

ఇక ఎక్కువమంది చేసే పొరపాటు. లైటు మారుతుంది, రిలే చప్పుడు కూడా వినిపిస్తుంది, డ్రైవ్ చానల్లో శబ్దం మాత్రం రాదు. దీన్ని కూడా ‘చానల్ మారడం లేదు’ అనే రాస్తారు. ‘చానల్ మారుతోంది గాని పలకడం లేదు’ అనాలి. వీణ పలికినట్టే గిటారూ పలుకుతుంది, మంచి మాట ఉండగా వదులుకోవడం దేనికి? ఇక్కడ అనుమానించాల్సింది రిలే లోపలి కాంటాక్టులనూ, ఆ చానల్‌కి పనిచేసే 12ఏఎక్స్7 ట్యూబునూ. ట్యూబు మార్చి చూడటం అర్థవంతమయ్యేది ఇక్కడే. రిలేకి కరెంటే అందనప్పుడు ఎన్ని ట్యూబులు మార్చినా డబ్బు దండగ.

చప్పుళ్లకు తెలుగులో కొదవ లేదు. రిలే ‘టక్కుమంటుంది’. చానల్ మారేటప్పుడు స్పీకర్లోంచి వచ్చేది ‘టప్పుమంటుంది’. ఈ రెండూ కలపకండి. మొదటిది రిలే పనిచేస్తోందనడానికి గుర్తు, వాల్యూమ్ సున్నాలో ఉన్నా వినబడుతుంది. రెండోది కాంటాక్టుల దగ్గరికి డీసీ చేరుతోందనడానికి గుర్తు. డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకవుతుంటే తరచు ఇలా అవుతుంది. ‘క్లిక్ అనే శబ్దము ఉత్పన్నమగును’ వంటి వాక్యాలు వద్దు.

ఇంగ్లీషులో ఆ ‘చ’కు ఒత్తు లేదు కాబట్టి నేను ‘చానల్’ అనే రాస్తాను. ‘ఛానల్’ కూడా బాగా వాడుకలో ఉంది, అలా రాసినా తప్పనను. ఏది రాసినా వ్యాసమంతా ఒకటే రాయండి.