పప్పులో కరిగిపోయే ఉప్పుకి పది డాలర్లా?

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నల్లో వీసా, కారు ఇన్సూరెన్స్ తర్వాత ఇప్పుడు ఉప్పు కూడా చేరింది. "హెల్దీగా తిందామనుకుంటున్నాం. మామూలు ఉప్పు మానేసి సీ సాల్ట్‌కి మారమంటారా? ఏ బ్రాండ్ కొనమంటారు?" అని. జవాబు ముందే చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. రోజూ వండే పప్పుకీ పులుసుకీ కూరకీ మామూలు అయొడైజ్డ్ ఉప్పే, అంటే అయోడిన్ కలిపినదే, వాడండి. సీ సాల్ట్ అంటారా, పచ్చళ్ళకి ఒక సంచీ, పైన చల్లుకోవడానికి ఒక చిన్న డబ్బా చాలు. మిగిలిన డబ్బుతో ఏం కొనాలో కింద చెప్తాను.

అయినా సముద్రపు ఉప్పు మనకి కొత్తదా? నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి మడుల్లో సముద్రపు నీళ్ళు ఎండగట్టి, గీకి, కుప్పలు పోసిన కల్లుప్పే కదా మన అమ్మమ్మలు కుండలో పోసుకున్నది. దేశంలో తయారయ్యే ఉప్పులో సింహభాగం గుజరాత్ తీరానిదే. ఇంట్లో సంచీల్లో పడి ఉన్న సరుకే ఇక్కడ గాజుసీసాలోకి ఎక్కి, మీద ఫ్రెంచి ఊరి పేరు అంటించుకుంటే పౌను పది డాలర్లవుతుంది. ఇక గులాబీరంగు హిమాలయన్ సాల్ట్ సముద్రపు ఉప్పే కాదు, పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనుల్లో తవ్వినది. మనవాళ్ళు సైంధవ లవణం అనేది దాన్నే. ఆ గులాబీ ఉప్పూ సముద్రపు ఉప్పూ ఒకటే అనుకుని కొనేవాళ్ళని ఇండియన్ స్టోర్‌లో ప్రతి వారం చూడొచ్చు.

ఆరోగ్యం సంగతికొద్దాం. ఏ ఉప్పు తీసుకున్నా బరువులో దాదాపు 40 శాతం సోడియమే. నమ్మకం లేకపోతే డబ్బా వెనక న్యూట్రిషన్ పట్టీ చూడండి. మార్టన్ టేబుల్ సాల్ట్ మీద పావు టీస్పూను 1.5 గ్రాములు, సోడియం 590 మిల్లీగ్రాములు అని ఉంటుంది. ఇక్కడివాళ్ళు వంటలో వాడే ముతక ఉప్పు, డైమండ్ క్రిస్టల్ కోషర్ సాల్ట్ మీద అదే పావు టీస్పూనుకి 280 ఉంటుంది. చూశారా, సగమే అని సంబరపడకండి. దాని పక్కనే బరువు 0.7 గ్రాములని రాసి ఉంటుంది. సోడియాన్ని బరువుతో భాగించండి, రెండూ గ్రాముకి 400కి అటూ ఇటూ తేలతాయి. కోషర్ సాల్ట్ పొరలు పొరలుగా, గుల్లగా ఉంటుంది కాబట్టి స్పూనులో తక్కువ పడుతుంది, అంతే. తడిగా ఉండే బూడిదరంగు ఫ్రెంచి ఉప్పులో నీటి బరువు వల్ల సోడియం కాస్త తగ్గుతుంది. మీరు రుచి చూసి మరో చిటికెడు వేస్తారు, లెక్క సరిపోతుంది.

"అందులో మినరల్స్ ఉంటాయటగా" అనేది తర్వాతి ప్రశ్న. ఉంటాయి, కానీ ఎంత? బూడిదరంగు ఉప్పులో మెగ్నీషియం అర శాతానికి మించదు. రోజుకి 5 గ్రాములు తిన్నా 25 మిల్లీగ్రాములు రాదు. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 310 నుంచి 420. గుప్పెడు బాదంపప్పులో దాదాపు 80 ఉంటుంది, ఉడికించిన ఒక కప్పు పాలకూరలో 150 దాటుతుంది. పాలకూర పప్పు వండుకోండి నాయనా, ఆ పది డాలర్లకి బోలెడు కట్టలొస్తాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకి 5 గ్రాముల ఉప్పు లోపు. అమెరికా లేబుళ్ళు లెక్కగట్టేది 2,300 మిల్లీగ్రాముల సోడియం మీద, అంటే సమంగా ఒక టీస్పూను ఉప్పు. బయటి తిండి, పచ్చళ్ళు, బ్రెడ్డు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఇంటి వంటలో మనిషికి 3 గ్రాములు పెట్టుకోండి. ఇద్దరికి రోజుకి 6 గ్రాములు, ఏడాదికి రెండు కిలోల చిల్లర. 26 ఔన్సుల గుండ్రటి డబ్బాలో 737 గ్రాములుంటుంది, ధర రెండు డాలర్లకి అటూ ఇటూ. ఏడాదికి మూడు డబ్బాలు, ఆరు డాలర్లు. అదే పౌను పది డాలర్ల ఉప్పైతే యాభై. ఆ తేడా రూపాయల్లో చూస్తే మూడున్నర వేలు దాటుతుంది. మా తరంవాళ్ళం ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూస్తామని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, అలా మార్చి చూసుకుంటూనే ఇళ్ళు కొన్నాం.

ఈ లెక్కలోనే ఒక మంచి పరీక్ష ఉంది. కొత్త డబ్బా తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. ఇద్దరున్న ఇంట్లో అది నాలుగు నెలలు రావాలి. రెండున్నర నెలల్లో అయిపోతే ఇంటి వంటతోనే 5 గ్రాముల హద్దుకి చేరుకున్నారన్నమాట. నెలకే అయిపోతే మీ సమస్య ఉప్పు రకం కాదు, ఉప్పు కొలత. ఏ డైటీషియన్‌కీ ఫీజు కట్టకుండా తెలిసే విషయమిది.

కాబట్టి మొదటి ఖర్చు పది, పదిహేను డాలర్ల వంటింటి డిజిటల్ తూకం. కప్పు కందిపప్పు వండితే నలుగురికి వస్తుంది. అందులో 6 గ్రాముల మెత్తటి ఉప్పు వేస్తే ఒక్కొక్కరికి గ్రామున్నర. అన్నంలో ఉప్పు వేయకండి. ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే మొదటి ముద్దకే మొహం తిప్పుకుంటారు. వారానికి అర గ్రాము చొప్పున దించండి, చింతపండో నిమ్మరసమో కాస్త పెంచండి, ఇంగువ పోపు ఘాటుగా పెట్టండి. నెలన్నరకి నాలుక సర్దుకుంటుంది. అమెరికన్ వంటల వీడియోల్లో "ఒక టేబుల్‌స్పూను కోషర్ సాల్ట్" అంటారే, దాని బదులు టేబుల్ సాల్ట్ అదే స్పూనుతో వేస్తే బ్రాండుని బట్టి రెట్టింపు దాకా అవుతుంది. బరువు చూసి వేయండి.

సముద్రపు ఉప్పు నిజంగా పనికొచ్చేది పచ్చళ్ళలో. మామూలు డబ్బా ఉప్పులో గడ్డకట్టకుండా కాల్షియం సిలికేట్ లాంటివి కలుపుతారు. అవి నీళ్ళలో కరగవు. ఉప్పునీళ్ళలో వేసే ఉసిరికాయలైనా, నిమ్మకాయ ఊటైనా తెల్లగా, మబ్బుగా తేలుతుంది. పాడవదు కానీ చూడ్డానికి బాగోదు. ఇండియన్ స్టోర్‌లో దొరికే కల్లుప్పు సంచీ కొనండి, గాజుసీసా సరుకు అక్కర్లేదు. ఇక్కడ ఎండ లేదని తడి ఉప్పే వేసేయకండి. ఓవెన్‌ని దాని అతి తక్కువ వేడిలో, చాలా ఓవెన్లలో 170 ఫారెన్‌హీట్, పెట్టి పళ్ళెంలో పల్చగా పరిచిన ఉప్పుని ఇరవై నిమిషాలు ఉంచండి. పూర్తిగా చల్లారాక తడిలేని మిక్సీ జారులో బరకగా తిప్పండి.

పచ్చళ్ళు ఎక్కువ పాడయ్యేది కొలత దగ్గరే. అమ్మ ఫోనులో "నాలుగు గ్లాసుల ముక్కలకి గ్లాసు ఉప్పు" అంటుంది. ఆవిడ గ్లాసులో పోసింది దంచిన కల్లుప్పు. ఇక్కడి టేబుల్ సాల్ట్ కప్పు 290 గ్రాములు తూగుతుంది, డైమండ్ క్రిస్టల్ కప్పు 140 కూడా తూగదు. మొదటిది పోస్తే ఆవకాయ నోట్లో పెట్టలేం. రెండోది పోస్తే ఉప్పు చాలక నాలుగు వారాల్లో జాడీలో నురగ, పైన తెల్లటి బూజు. మామిడికాయలు, నువ్వులనూనె, ఆవపిండి అన్నీ డాలర్లు పోసి తెచ్చినవేనని ఆ జాడీ చెత్తబుట్టలో పోసేటప్పుడు గుర్తొస్తుంది. కిలో ముక్కలకి 200 నుంచి 250 గ్రాముల ఉప్పు, తూచి వేయండి. అలా పెట్టిన ఆవకాయలో ఉప్పు మొత్తం బరువులో పదో వంతు పైనే. పెద్ద చెంచాడు, 15 గ్రాములు, వేసుకుంటే గ్రామున్నర ఉప్పు, అంటే ఆ పూట మీ వాటా పప్పులో ఉన్నంత. ఆవకాయ వేసుకునే రోజున అప్పడం, చల్లమిరపకాయలు మానండి. మూడూ కావాలంటే కుదరదు.

ఇక పొరలుగా ఉండే సీ సాల్ట్ చిన్న డబ్బా. అది కరిగే చోట దండగ, కరగని చోట లాభం. దోసకాయ ముక్కలు, జామకాయ, పుచ్చకాయ, ఉడికించిన గుడ్డు మీద తినే ముందు వేళ్ళతో చల్లితే నాలుకకి నేరుగా తగులుతుంది కాబట్టి తక్కువ ఉప్పుతోనే రుచి తెలుస్తుంది. ఉప్పు నూరుకునే చేతి మిల్లులు కొనకండి. తడి బూడిద ఉప్పు వేస్తే పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, లోహపు పళ్ళైతే తుప్పు పడతాయి.

థైరాయిడ్ గ్రంథికి కావలసిన అయోడిన్ సంగతి కొత్తవాళ్ళకి అసలు తట్టదు. మన దేశంలో 2006 నుంచి తినే ఉప్పుని అయోడిన్ లేకుండా అమ్మకూడదు, అందుకని ఎప్పుడూ ఆలోచించనక్కర్లేకపోయింది. అమెరికాలో అది కంపెనీ ఇష్టం. సీ సాల్ట్, కోషర్, పింక్ సాల్ట్ డబ్బాల మీద చిన్న అక్షరాల్లో "దిస్ సాల్ట్ డజ్ నాట్ సప్లై అయొడైడ్" అని ఉంటుంది. చదవండి. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 220, పాలిచ్చే తల్లులకి 290 కావాలి. ఇక్కడి అయొడైజ్డ్ ఉప్పులో గ్రాముకి 45 దాకా ఉంటుంది, అర టీస్పూనుతో పెద్దవాళ్ళ అవసరం చాలావరకు తీరుతుంది. పాలు, పెరుగు, చేపలు, గుడ్లు తినేవాళ్ళకి అటునుంచీ వస్తుంది. శాకాహారులై, పాలు మానేసి బాదంపాలకి మారి, పైగా సీ సాల్ట్ కొనేవాళ్ళకి అన్ని దారులూ మూసుకుపోతాయి. గర్భిణులు తమ ప్రినేటల్ మాత్రలో 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉందో లేదో చూసుకోవాలి, అన్నిట్లో ఉండదు. థైరాయిడ్ మందు వాడేవాళ్ళు సముద్రపు నాచు మాత్రల జోలికి సొంతంగా వెళ్ళకండి, డాక్టర్‌ని అడగండి.

అయొడైజ్డ్ డబ్బా మీద డెక్స్‌ట్రోజ్ అని చూసి ఉప్పులో చక్కెరా అని కంగారుపడేవాళ్ళున్నారు. ఇక్కడ పొటాషియం అయొడైడ్ కలుపుతారు, అది ఎగిరిపోకుండా నిలబెట్టడానికి ఆ లేశమంత డెక్స్‌ట్రోజ్. మన దగ్గర పొటాషియం అయొడేట్ వాడతారు, అది స్వతహాగా నిలుస్తుంది. డబ్బా మూత బిగించి, స్టవ్‌కి దూరంగా పెట్టండి, ఉప్పు వంట చివర్లో వేయండి.

అసలు అమెరికాలో మనిషి తినే సోడియంలో 70 శాతానికి పైగా ప్యాకెట్ల నుంచి, రెస్టరెంట్ల నుంచి వస్తుంది. సీ సాల్ట్ చల్లుకుని పక్కన ఇన్‌స్టంట్ నూడుల్స్ తింటే ఏం లాభం? లేబుల్‌లో సోడియం రోజు హద్దులో 5 శాతం లోపుంటే తక్కువ, 20 దాటితే ఎక్కువ. "లో సోడియం" అంటే ఒక సర్వింగ్‌కి 140 మిల్లీగ్రాములు మించకూడదని రూలు. "రెడ్యూస్డ్ సోడియం" అంటే వాళ్ళ పాత సరుకు కంటే పావు వంతు తక్కువని మాత్రమే, దానికి మోసపోకండి. డబ్బా శనగలు నీళ్ళు పారబోసి కడిగితే మూడో వంతుకి పైగా సోడియం పోతుంది. అసలు ఎండు శనగలు నానబెట్టుకుంటే ఖర్చూ తక్కువే. చికెన్ ప్యాకెట్ మీద "కంటెయిన్స్ అప్ టు 15 పర్సెంట్ చికెన్ బ్రాత్" లాంటి మాట ఉంటే అది ఉప్పునీళ్ళు ఎక్కించిన కోడి. నీళ్ళకి కూడా కోడి రేటే కడుతున్నారు.

చివరిగా అమ్మానాన్నల విషయం, ఇక్కడ మాత్రం పొదుపు కంటే జాగ్రత్త ముఖ్యం. వాళ్ళు వస్తున్నారని, బీపీ ఉందని, "లైట్ సాల్ట్" అనో "నో సాల్ట్" అనో కొని పెడతారు. వాటిలో సోడియం బదులు సగమో మొత్తమో పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మంచిదే. కానీ టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్ళకీ, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకీ రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదముంది. మన పెద్దవాళ్ళు తెచ్చుకునే ఆరు నెలల మందుల సంచీలో ఈ పేర్లలో ఒకటి ఉండనే ఉంటుంది. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బులకి చెల్లించవు, ఎమర్జెన్సీ రూము బిల్లు చూశాక విమానం టికెట్టు చవకనిపిస్తుంది. ఊళ్ళో వాళ్ళ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాకే అలాంటి ఉప్పు పెట్టండి. ఉప్పు మీద మిగిల్చిన ఆ నలభై డాలర్లూ చేతికి కట్టే బీపీ మిషన్‌కి పెట్టండి. మణికట్టుది కాదు, మోచేతి పైన కట్టేది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఉదయం, సాయంత్రం చూసి రాసిపెట్టండి. ఏడాది నిండని పసిపిల్లల గుజ్జులో మాత్రం ఏ ఉప్పూ వద్దు.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ లేబుళ్ళ మీద సోడియం కాక ఉప్పు గ్రాముల్లో రాస్తారు, రోజు హద్దు 6 గ్రాములు. అమెరికా అంకెలతో పోల్చాలంటే సోడియాన్ని రెండున్నరతో గుణించండి. మామూలు టేబుల్ సాల్ట్‌లో కూడా అక్కడ ఎక్కువగా అయోడిన్ ఉండదు, వెతికి కొనాలి. ఆస్ట్రేలియాలో 2009 నుంచి బ్రెడ్డులో అయొడైజ్డ్ ఉప్పు తప్పనిసరి, ఆర్గానిక్ బ్రెడ్డుకి ఆ రూలు లేదు.